ముద్ర లేని వెండి డబ్బీ

2016లో మా అక్క పెళ్ళికి వెండి కంచం, రెండు గ్లాసులు కొందామని సికింద్రాబాద్ పాట్ మార్కెట్ కి వెళ్ళాం. నేనప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. సంచులు మొయ్యడానికి తప్ప నన్ను తీసుకెళ్ళడానికి వేరే కారణం ఏమీ లేదు. అమ్మ ఒక గుడ్డ మూట విప్పి కొట్టువాడి ముందు పెట్టింది. సొట్ట పోయిన ఉగ్గుగిన్నె, మూత లేని కుంకుమ భరిణె, విరిగిన పట్టీలు, వాటి మధ్యలో తాతయ్య పొడుం డబ్బీ.

ఆయన ఏదీ విడిగా చూడలేదు. అన్నీ కలిపి కాటా మీద పోశాడు. ఒకదాని మీద చిన్నగా ఆకురాయి పెట్టి చూసి, తరుగు ఇంత, మజూరీ ఇంత అని లెక్క చెప్పాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది. బిల్లు మీద "పాత వెండి – 412 గ్రాములు" అని ఒక్క లైను. ఆ 412లో తాతయ్య డబ్బీ ఎంతో ఇప్పటికీ తెలీదు.

ఇందులో కొట్టువాడి తప్పేమీ లేదు, అమ్మది అసలే లేదు. అప్పుడు నాకూ ఏమీ అనిపించలేదు. అనిపించడానికి నాలుగైదేళ్ళు పట్టింది. ఉద్యోగంలో చేరాక పాత వెండి సామాన్ల పిచ్చి పట్టుకుంది. పొడుం డబ్బీలు, అత్తరు బుడ్లు, సున్నం డబ్బీలు.. జేబులో పట్టేవి ఏవైనా సరే. ఆ పిచ్చిలో తెలుసుకున్న సంగతులే ఈ టపా.

ముందుగా ఒక మాట. పొగాకు పీల్చినా, నమిలినా, ముక్కులో ఎక్కించినా ఒంటికి చేటే. నేను దాచేది డబ్బీని, పొడుంని కాదు :)

సరే, అసలు కథలోకొస్తా. పొగాకు మన మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. 1604 ప్రాంతంలో అక్బర్ దూత అసద్ బేగ్ బీజాపూర్ లో పొగాకు చూసి, వింతగా ఉందని పాదుషాకి కానుకగా పట్టుకెళ్ళాడు. అంటే మొఘలుల కంటే ముందే దక్కనుకి పొగాకు తెలుసన్నమాట. ఇంగ్లండులో ముక్కుపొడుం జనంలోకి పోవడానికి కారణం ఒక యుద్ధం. 1702లో వీగో రేవు దగ్గర స్పెయిన్ ఓడల్ని పట్టుకున్నప్పుడు వాటిల్లో పీపాల కొద్దీ పొడుం దొరికింది. నావికులు దాన్ని తెచ్చి చవగ్గా అమ్మేశారు. ఆ తరవాత వందేళ్ళు అక్కడ పొడుం పట్టడం పెద్దమనిషి లక్షణం. మూడో జార్జి భార్య షార్లెట్ రాణికి ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, ఆవిడకి "స్నఫ్ఫీ షార్లెట్" అని పేరే పడిపోయింది.

ఇక్కడ మనవాళ్ళు ఛాతీ విరుచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో లండన్ పొడుం దుకాణాల్లో అమ్మే రకాల్లో ఒకదాని పేరు "మసూలీపటం". అవును, మన బందరే! నల్లగా, తేమగా ఉండే పొడుం అది. 1720లో మొదలై, నాలుగో జార్జి లాంటి రాజులకి కూడా పొడుం అమ్మిన ఫ్రైబర్గ్ అండ్ ట్రెయర్ లాంటి కొట్లలో ఈ పేరు వినపడేది. బందరు అనగానే కలంకారీ, లడ్డూ చెప్పుకుంటాం గానీ ఈ పొడుం మాట మనలో ఎంతమందికి తెలుసు?

మా తాతయ్యది బందరే. బడిలో తెలుగు చెప్పేవారు. పొడుం ఆయన కొట్లో కొనేవారు. మన వైపు పొడుం తయారీ సూక్ష్మంగా ఇదీ: పొగాకుని బాగా ఎండబెట్టి, వేయించి, మెత్తగా నూరి, సున్నం, నెయ్యి కలుపుతారు. మామూలు జనం దాన్ని ఎండిన అరటి పట్టలోనో, రేకు డబ్బాలోనో పెట్టుకునేవారు. కాస్త కలిగినవాళ్ళకి ఇత్తడి డబ్బీ, ఇంకాస్త కలిగితే వెండిది. మాస్టారి జీతానికి వెండి డబ్బీ ఎలా వచ్చిందనేగా మీ డౌటు? అది తాతయ్య కొన్నది కాదు, వాళ్ళ నాన్నగారిది.

ఇప్పుడు బందరు నుంచి సికింద్రాబాద్ కి రావాలి. నాన్న రైల్వేలో చేరడంతో మేం ఇక్కడికొచ్చాం. వెండి డబ్బీలు మాత్రం మాకంటే చాలా ముందే ఈ ఊరొచ్చాయి. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్ సాగర్ ఉత్తరాన వాళ్ళ దండు దిగింది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద ఆ చోటు సికింద్రాబాద్ అయింది. దండు ఉన్నచోట బజారు పుడుతుంది. జనరల్ బజార్ ఆ దండు కాలపు బజారే. ఆఫీసర్ల జేబుల్లో వెండి డబ్బీలుండేవి. ఎవరైనా చనిపోతే సామాను ఇంగ్లండు పంపడం ఖర్చు కాబట్టి తోటి ఆఫీసర్ల మధ్య వేలం వేసి డబ్బు ఇంటికి పంపేవారు. 1947కి ముందూ వెనకా దొరలు వెళ్ళిపోయేటప్పుడూ అంతే, చాలా సామాను ఇక్కడే అమ్ముడుపోయింది. అందుకే ఈ ఊళ్ళో పాత సామాన్ల వేలాల్లో అప్పుడప్పుడూ అలాంటివి తేలుతుంటాయి.

నేను మొదట కొన్నది అలాంటిదే. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. మూత మీద ఒక నొక్కు ఉండబట్టి నాలాంటివాడికి అందింది. అప్పటి నా నెల జీతంలో పావు వంతు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే లోపల వరసగా ముద్రలు. ఒక లంగరు, ఒక నడిచే సింహం, ఒక అక్షరం, ఒక రాజు తల, ఇవి కాక రెండు పొడి అక్షరాలు.

మనం ప్రతి ఫైలుకీ ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు అని మెటాడేటా పెట్టుకుంటాం కదా. ఇది వెండి మీద మెటాడేటా. లంగరు అంటే బర్మింగ్ హామ్ లో పరీక్షించారని (అక్కడ పరీక్షా కార్యాలయం 1773లో పెట్టారు). చిరుతపులి తల ఉంటే లండన్. నడిచే సింహం అంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి. మధ్యలో ఉన్న అక్షరం ఏ ఏడాదో చెబుతుంది, ఏటేటా అక్షరం మారుతుంది, అక్షరమాల అయిపోతే రాత తీరు మారుస్తారు. రాజు తల అంటే పన్ను కట్టేశారని. 1784 నుంచి 1890 దాకా ఈ ముద్ర ఉండేది. పొడి అక్షరాలు చేసినవాడివి. నెథేనియల్ మిల్స్ అని బర్మింగ్ హామ్ లో పేరుమోసిన డబ్బీల పనివాడున్నాడు, కోటల బొమ్మలు మూత మీద ఉబ్బెత్తుగా వేసేవాడు. ఆయన డబ్బీ అయితే నా జీతం చాలదు. నాది ఆయనది కాదు.

పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే నాది 1836 నాటిదని తేలింది. లోపల బంగారు పూత ఉంది. అది డాబు కోసం కాదు, పొడుంలో తేమ, ఉప్పు వెండిని తినెయ్యకుండా. మూత బిగువుగా పడుతుంది, ఇన్నేళ్ళ తరవాత కూడా. పొడుం డబ్బీ అవునో కాదో చూడ్డానికి నేను మొదట చూసేవి ఈ రెండే, లోపలి పూత, మూత బిగువు.

ఆ రాత్రి ఒక సంగతి తట్టింది. ఎవరో ముక్కూ మొహం తెలీని దొర డబ్బీ ఏ ఊళ్ళో, ఏ ఏడాది, ఎవరు చేశారో అరగంటలో తెలుసుకున్నాను. మా ముత్తాత డబ్బీ గురించి నాకు ఒక్క ముక్క తెలీదు.

తెలీకపోవడానికి కారణం ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలో వెండికి ఇలా తప్పనిసరి ప్రభుత్వ ముద్ర లేదు. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా హామిల్టన్ లాంటి పెద్ద కంపెనీలు తమ పేరు కొట్టుకునేవి. ఊరి కంసాలి ఏమీ కొట్టేవాడు కాదు. ఆయన మనకి తెలిసినవాడు, నమ్మకమే ముద్ర. పైగా చాలాసార్లు వెండి మనమే ఇచ్చేవాళ్ళం, రూపాయల రూపంలో. 1835 నుంచి 1940 దాకా ఇంగ్లీషు రూపాయంటే సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. పది రూపాయలిస్తే పది తులాల వస్తువు, లెక్క సులువు. 20వ శతాబ్దంలో చార్మినార్ బొమ్మతో వచ్చిన నిజాం హాలీ సిక్కాలో వెండి 81.8 శాతమే. యుద్ధకాలంలో 1940లో ఇంగ్లీషు రూపాయిలో వెండిని సగానికి దించారు, 1947కి నికెల్ అయిపోయింది. కాబట్టి వెండి స్వచ్ఛత చూపిస్తే ఏ నాణేలు కరిగించారో ఊహించొచ్చు. ఇది రుజువు కాదు, జాడ మాత్రమే.

మన పనితనం తక్కువని కాదు సుమా. కరీంనగర్ వెండి తీగ పని చూడండి. ఎలగందుల దగ్గర పుట్టిన విద్య అది. వెండిని కమ్మచ్చులో లాగి లాగి సన్నటి తీగ చేసి, మెలేసి, చట్రంలో పువ్వులూ ఆకులూగా పేర్చి అతుకుతారు. అత్తరుదానులు, పాన్ దానులు చేసేవారు. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న బీదరు నుంచి బిద్రీ డబ్బీలు వచ్చేవి. జింకు, రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టితో నల్లబరుస్తారు. ఇవన్నీ సాలార్ జంగ్ మ్యూజియంలో చూడొచ్చు. చేతులు మాత్రం కనపడవు. పనివాడి పేరు ఎక్కడో గానీ ఉండదు.

అంటే ఇంగ్లీషు డబ్బీకి జ్ఞాపకం లోహం మీద ఉంది. మన డబ్బీకి జ్ఞాపకం మనుషుల నోట్లో ఉంది. ఆ మనిషి పోతే డబ్బీ గ్రాములైపోతుంది.

ఈ మాట మా టీంలో ఒకడితో అంటే, "ఇంట్లో వెండి ఉన్నదే అవసరానికి కరిగించడానికిరా. మీ అక్క పెళ్ళికి పనికొచ్చింది, ఇంకేం కావాలి?" అన్నాడు. కొట్టిపారెయ్యలేను. నిజమే, మనకి వెండి నగ కాదు, బ్యాంకు. కరువొచ్చినా కరిగేది అదే, పెళ్ళొచ్చినా కరిగేది అదే. తాతయ్య బతికుంటే మనవరాలి పెళ్ళికి ఆయనే తీసి ఇచ్చేవారు. కరిగించడం మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక్క ఫొటో తియ్యకుండా, ఒక్క మాట అడక్కుండా కరిగించాం, దాని మీదే బాధ. 2025లో కిలో వెండి లక్ష దాటి పరిగెత్తినప్పటి నుంచి బీరువా మూటలు ఇంకా తొందరగా బయటికొస్తున్నాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మీ ఇంట్లోనూ అలాంటి మూట ఉంటే ఒక ఆదివారం ఇలా చెయ్యండి. ఒక్కో వస్తువునీ విడిగా తూచి, అన్ని వైపులా ఫొటో తియ్యండి. నల్లబడిందని చింతపండు, టూత్ పేస్టు పెట్టి తోమకండి. ఆ నలుపు పైపైన ఉండే వెండి సల్ఫైడ్, మెత్తటి గుడ్డ చాలు. గట్టిగా తోమితే ముద్రలు అరిగిపోతాయి. రబ్బరు బ్యాండు వెయ్యకండి, అందులో గంధకం ఉంటుంది. "ఈపీఎన్ఎస్" అని ఉంటే అది నికెల్ కలిసిన మిశ్రమ లోహం మీద వెండి పూత. ఫంక్షన్లలో పంచే జర్మన్ సిల్వర్ లో అయితే వెండి బొత్తిగా ఉండదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. నూరేళ్ళు దాటిన కళావస్తువు 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. దాన్ని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు. వయసు మీద అనుమానం ఉంటే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర పత్రం తీసుకున్నాకే సూట్ కేసులో పెట్టండి. "మా తాతదే కదా" అంటే కస్టమ్స్ వాళ్ళు వినరు.

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఇది ఎవరిది, ఎవరు చేశారు, ఎప్పుడు అని అడిగి రాసుకోండి.

నేనూ ఆలస్యంగానే అయినా అడిగాను. పోయిన సంక్రాంతికి నాయనమ్మ దగ్గర కూర్చుని, "తాతయ్య పొడుం డబ్బీ గుర్తుందా?" అన్నాను. "అది ఏడు రూపాయలతో చేసిందిరా. మా మామగారు రాజు బొమ్మ రూపాయలు ఏడు ఎంచి బందరులో కంసాలికిచ్చి, ఎదురుగా కూర్చుని చేయించుకున్నారట. మూత మీద మామిడి పిందె ఉండేది. మీ తాతయ్య బడికి బయల్దేరేటప్పుడు మూత మీద రెండుసార్లు తట్టేవారు. ఆ చప్పుడైతే నేను గొడుగు అందించాలన్నమాట" అంది.

ఏడు రూపాయలు, ఏడు తులాలు. తరుగు తీసేస్తే ఎనభై గ్రాములకి కాస్త తక్కువ. 412లో తాతయ్య వాటా దొరికింది. కంసాలి పేరు మాత్రం నాయనమ్మకి గుర్తు రాలేదు.

అమ్మ ఆ పెళ్ళి బిల్లు ఇంకా దాచింది. దాని వెనక ఇవన్నీ రాసి పెట్టాను. మీ ఇంట్లో మూట ఇంకా కాటా ఎక్కకపోతే మీరు నాకంటే అదృష్టవంతులు. ఈ ఆదివారమే విప్పండి.