ఇసుక నుంచి గాజు పలక దాకా

పిల్లలకు ఇంటిపని ఇవ్వడం ఎప్పుడు మొదలయిందో చెప్పడం కష్టం గాని, ఆ పని పిల్లలు చేస్తున్నారా, ఇంకెవరైనా చేసిపెడుతున్నారా అన్న అనుమానం మాత్రం ఆ రోజే మొదలై ఉంటుంది. వెనక అన్నయ్య నోట్సు చూసి రాసేవాళ్ళు. తరవాత అమ్మ అట్టమీద బొమ్మలు అంటించి పెట్టేది. ఇప్పుడు సెల్‌ఫోను రాసి పెడుతోంది. పనిముట్టు మారింది, అనుమానం మారలేదు. అందుకని ఆ పనిముట్ల చరిత్ర కాస్త తిరగేద్దామనిపించింది.

మరీ పురాణకాలం దాకా పోనులెండి. మద్రాసు గవర్నరు మన్రో అడిగిన మీదట, 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు కాంబెల్ దొర తన జిల్లాలోని బడుల గురించి ఒక నివేదిక పంపాడు. మొత్తం 533 బడులుంటే అందులో 226 తెలుగు బడులు. బళ్ళో చేరిన పిల్లవాడు ముందుగా అక్షరాన్ని నోటితో వల్లించడట. నేలమీద పరిచిన ఇసుకలో వేలితో దిద్దుతాడట. వేలు తిరిగాక తాటాకూ గంటమూ, లేకపోతే కాగితమూ కలమూ. అన్నమూ బొగ్గుపొడీ పట్టించి నున్నగా చేసిన నల్లని చెక్క మరొకటి. గుడ్డకి గంజీ బొగ్గూ పట్టించి, పుస్తకంలా మడతపెట్టుకునే కడితం ఇంకొకటి. రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం! కాణీ ఖర్చు లేని ఏర్పాటు.

అయితే కాంబెల్ దొర మెచ్చుకుని ఊరుకోలేదు. ఈ పిల్లలు పద్యాలు గడగడా అప్పగిస్తారు గాని, అర్థం విషయంలో చిలక్కి తెలిసినంతే వీళ్ళకీ తెలుసని చురక కూడా అంటించాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఆ ఇసుకకి అంతకుముందే ఓడెక్కే యోగం పట్టింది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడిని చూసుకోవడానికి కుదిరిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి, ఓ ఉదయం గుర్రంమీద వెడుతూ వీధిబడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూశాడు. తన బళ్ళోనూ అలాగే మొదలుపెట్టించాడు. పెద్ద పిల్లవాడు చిన్న పిల్లవాడికి చెప్పే పద్ధతినీ కలిపి, 1797లో లండనులో పుస్తకం వేశాడు. దాంతో ఇంగ్లండు బడుల్లోకి ఇసుక పళ్ళాలు వెళ్ళాయి. చదువు ఎప్పుడూ అటునుంచి ఇటే వచ్చిందనుకునే వాళ్ళకి ఈ సంగతి ఓసారి చెప్పి చూడండి.

తరవాత రాతిపలక వచ్చింది. మార్కాపురం పలకలు తెలియని తెలుగువాళ్ళు మా తరంలో ఉండరు. చెక్క చట్రంలో నల్లరాయి, చేతిలో బలపం. తప్పు రాస్తే చెరిపేసుకోవచ్చు, చెరిపిన తప్పుకి సాక్ష్యం ఉండదు. పిల్లవాడికి ఇంతకంటె ధైర్యం ఏం కావాలి? నోటుపుస్తకం వచ్చాక ఆ ధైర్యం కొంత తగ్గింది, ఎర్రసిరా పెరిగింది.

ఇప్పుడు గాజు పలక దగ్గరికి వద్దాం. టాబ్లెట్ అనే ఇంగ్లీషు మాటకి అర్థం పలకే కదా! ఈ పలక వెనకాల ఓ పెద్దాయన ఉన్నాడు. దక్షిణాఫ్రికాలో పుట్టిన సీమోర్ పాపర్ట్. ఆయనా, మరి ఇద్దరు మిత్రులూ కలిసి 1967లో అమెరికాలో పిల్లలకోసం లోగో అనే కంప్యూటరు భాష తయారుచేశారు. అందులో ఒక తాబేలు ఉంటుంది. ముందుకు నడు అంటే నడుస్తుంది, తిరుగు అంటే తిరుగుతుంది, నడిచిన దారిన గీత పడుతుంది. చదరం రావాలంటే పిల్లవాడు ఆలోచించాలి. రాకపోతే ఎక్కడ తప్పిందో తనే వెతుక్కోవాలి. యంత్రం పిల్లవాణ్ణి ఆడించకూడదు, పిల్లవాడే యంత్రాన్ని ఆడించాలని పాపర్ట్ 1980లో పుస్తకమే రాశాడు. మన దేశంలోనూ 1984లో క్లాస్ అనే పథకం కింద కొన్ని బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు.

మన రాష్ట్రంలో 2022 డిసెంబరు 21న ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచడం మొదలయింది. చూసుకోవడానికి పాఠాలు అందులోనే పెట్టి ఇచ్చారు. సరిగ్గా మూడు వారాల ముందు, నవంబరు 30న, అమెరికాలో చాట్‌జీపీటీ బయటికొచ్చింది. ఏ విషయం అడిగినా చిటికెలో వ్యాసం రాసి పెట్టే యంత్రం. అంటే ఓ పక్క చూడ్డానికి పాఠం, ఇంకో పక్క రాసిపెట్టడానికి యంత్రం. మధ్య పిల్లవాడు చెయ్యాల్సిందేమిటి?

ఈ ప్రశ్నకి మా తిరువూరులోనే ఓ జవాబు దొరికింది. పక్కింటి అమ్మాయికి 'మా ఊరు' అని ప్రాజెక్టు ఇచ్చారు. ఫోను నడిగితే అందమైన వ్యాసం వచ్చింది. అందులో తిరువూరు పేరు తీసేసి ఏ ఊరి పేరు పెట్టినా సరిపోతుంది!

"తాతయ్యగారూ, ఎలా ఉంది?" అంది.

"బాగానే ఉంది గానీ అమ్మడూ, మీ తాతమ్మది ఏ ఊరు?" అన్నాను.

మాది సరిహద్దు ఊరు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఆపైన ఎన్టీఆర్ జిల్లా. 1948 దాకా అవతలిది నిజాం రాజ్యం. 1956లో ఒకటయ్యాం, 2014లో మళ్ళీ రెండయ్యాం. ఇక్కడి రూపాయి వేరు, అక్కడి హాలీ సిక్కా వేరు. తాతమ్మ అవతలి పిల్ల. మనవరాలు ఫోను ముందు పెట్టగానే, "ఆడ సుంకపోళ్ళు మూటలు ఇప్పిచ్చి సూసేటోళ్ళు బిడ్డా" అని మొదలెట్టి అరగంట చెప్పింది. అమ్మాయి ఆ మాటలు విని తెలుగులో కొట్టింది, ట్యాబు మీద వేలితోనే దారుల పటం గీసింది, తాతమ్మ ఫొటో పెట్టి ఆ గొంతు కూడా కలిపింది. పటం వంకర, అక్షరదోషాలు అరడజను. అయినా ఆ పని ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యలేరు. అవతలి సుంకం చౌకీ చూసిన కళ్ళు మా ఊళ్ళో ఇక ఎన్ని మిగిలాయి గనక? వాళ్ళు పోతే ఆ సంగతులు ఏ యంత్రం చెబుతుంది?

కాబట్టి పలక ఇసుకదా, రాతిదా, గాజుదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఇసుకలో రాసిన పిల్లలనూ చిలకలన్నారు. గాజు మీద రాసినా చిలక కావచ్చు. కొత్త పలక పారేయమని నేననను, అది చేసే మేలు రాతిపలక చెయ్యలేదు. పిల్లలు తెచ్చి చూపించిన ప్రాజెక్టు ఎంత తళతళలాడుతున్నా, మార్కులు వేసే ముందు పక్కన కూర్చోబెట్టుకుని, "దీన్నెలా చేశావో చెప్పు" అని అడగండి చాలు. ఐదు నిమిషాలు ఆపకుండా చెబితే ఆ పని వాళ్ళది. నీళ్ళు నమిలితే, పలక చెరిపి మళ్ళీ చేతికివ్వండి. చెరపడానికి వీలుండడమే కదా పలక గొప్పదనం!