పల్నాటి ఆకుకూర, కోపెన్‌హేగెన్ కోడిపిల్ల

పల్నాటి చరిత్రలో కోడికి పెద్దపీటే ఉంది. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు పందెం కట్టి కోళ్లను దించడమే పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల పక్షాలను కారంపూడి రణరంగం దాకా నడిపించిందని వీరగాథ. వైద్యచరిత్రను మలుపు తిప్పినవీ కోళ్లే.

1929లో కోపెన్‌హేగెన్‌లో హెన్రిక్ డామ్ అనే శాస్త్రవేత్త కొలెస్టరాల్ మీద పరిశోధనకని కోడిపిల్లలకు కొవ్వు తీసేసిన మేత వేశాడు. కొన్ని వారాలకు వాటి చర్మం కింద, కండల్లో నెత్తురు చేరింది. తీసిన రక్తం ఎంతసేపటికీ గడ్డకట్టలేదు. సి విటమిన్ ఇచ్చినా గుణం కనిపించలేదు. ఆకుకూరలు, కాలేయం పెడితే మాత్రం తేరుకున్నాయి. వాటిలో ఉన్న ఆ పదార్థానికి 1935లో డామ్ కె విటమిన్ అని పేరు పెట్టాడు. 1939లో దాని ఒక రూపమైన కె1ను పశువుల మేత అయిన లూసర్న్ నుంచి వేరుచేశారు. మరో రూపమైన కె2ను అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ బృందం కుళ్లిన చేపపొడిలోంచి తీసింది. డామ్, డాయిజీలకు 1943 నోబెల్ బహుమతి దక్కింది.

కె1 ఉండేది ఆకుపచ్చదనంలో. శ్రీనాథుడి పేరుతో చెప్పుకునే చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎంత ఈసడించినా, ఈ విటమిన్ విషయంలో ధాన్యం కన్నా ఆకుదే పైచేయి. గోంగూర, తోటకూర, మునగాకు, బచ్చలి ఏదైనా సరే. పచ్చి పాలకూర 100 గ్రాముల్లో దాదాపు 480 మైక్రోగ్రాముల కె1 ఉంటుంది. పెద్దవాళ్లలో మగవారికి రోజుకు 120, ఆడవారికి 90 చాలని అమెరికా ప్రమాణం. వండితే పెద్దగా పోదు. పైగా ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి, గోంగూర పప్పు మీద వేసే నూనె తాలింపు రుచికే కాదు, ఒంటబట్టడానికీ పనికొస్తుంది.

కె2 గుడ్డు సొనలో, కోడిమాంసంలో, వెన్నలో కొంత దొరుకుతుంది. కొన్ని బ్యాక్టీరియాలూ దీన్ని తయారుచేస్తాయి. జపాన్ వాళ్లు సోయా గింజలను పులియబెట్టి చేసే నాటోలో ఇది పుష్కలం. కె3 కృత్రిమం, కోళ్ల దాణాలో కలుపుతారు. కోడి దాన్ని తన ఒంట్లో కె2గా మార్చుకుంటుంది. పసిపిల్లలకు కె3 ఇస్తే ఎర్రకణాలు చితికి కామెర్లు వస్తున్నాయని తేలడంతో వాళ్లకు వాడడం మానేశారు.

ఈ విటమిన్ పనికి అడ్డుకట్ట వేసే మందులూ ఉన్నాయి. ఎలుకల నిర్మూలనకు రైతులు నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలాన్ అనే మందు 2 పాళ్లు కలిపి, పొట్లాలు కట్టి కన్నాల్లో పెడతారు. అది తిన్న ఎలుక కాలేయంలో కె విటమిన్ మళ్లీ వాడకానికి రాదు, నెత్తురు గడ్డకట్టక కొద్ది రోజుల్లో చస్తుంది. పొరపాటున మనిషి కడుపులోకి పోతే విరుగుడు కె1. మందు కలిపిన చేతులు కడుక్కోకుండా అన్నం కలపడం, మిగిలిన పొట్లాన్ని పిల్లలకు అందేచోట పెట్టడం చాలా ప్రమాదం.

గుండెలో కృత్రిమ కవాటం అమర్చినవారికి ఇచ్చే వార్ఫరిన్‌దీ ఇదే తంతు. 1948లో అమెరికాలో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషుల చికిత్సకు అనుమతి పొందింది. ఈ మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూర తినకూడదన్న మాట ఊళ్లలో వినిపిస్తుంటుంది. అది సరికాదు. ఈ వారం మానేసి, వచ్చే వారం మూడు పూటలా తింటేనే మాత్ర మోతాదు తారుమారవుతుంది. రోజూ ఒకే తీరుగా తింటూ, డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి.

తల్లి ఎంత ఆకుకూర తిన్నా కడుపులో బిడ్డకు చేరే కె విటమిన్ కొద్దే. చనుబాలల్లోనూ తక్కువే. పుట్టిన కొన్నాళ్లకు ఉన్నట్టుండి మెదడులో రక్తస్రావమయ్యే ముప్పు అందుకే. కాన్పు కాగానే నర్సు బిడ్డ తొడకు ఒక మిల్లీగ్రాము కె1 సూది వేస్తుంది. నెలలు నిండకముందే, బరువు మరీ తక్కువగా పుట్టిన బిడ్డకైతే మోతాదు తగ్గిస్తారు. నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా, బిడ్డకు ఆ సూది పడిందో లేదో ఇంటికి బయల్దేరేలోపే అడగాలి.