మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ నవీకరణ: చారిత్రక పరిణామం, లోపాల పరిశీలన

1. విషయ పరిచయం

కంప్యూటర్ స్విచ్ నొక్కగానే విండోస్ గాని, లినక్స్ గాని నేరుగా పని మొదలుపెట్టదు. ముందుగా మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్ నడుస్తుంది. అది ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కును సిద్ధం చేసి, ఆ తరవాతే ఆపరేటింగ్ సిస్టమ్‌కు పని అప్పగిస్తుంది. దీన్నే ఫర్మ్‌వేర్ అంటారు. వాడుకలో బయోస్ అని పిలుస్తారు.

దీన్ని పెన్‌డ్రైవ్ ద్వారా నవీకరించేటప్పుడు తయారీదారులు కొన్ని నియమాలు చెబుతారు. డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలోనే ఉండాలి, ఫైలు పేరు ఫలానా విధంగానే ఉండాలి, మధ్యలో కరెంటు పోకూడదు. ఇవి అర్థంలేని ఆంక్షల్లా కనిపించవచ్చు. కాని ప్రతి నియమం వెనక ఒక చారిత్రక కారణం ఉంది. ఈ భాగాన్ని చదివేటప్పుడు రెండు ప్రశ్నలు గుర్తుంచుకోండి. డ్రైవ్‌లోని ఫైలును చదువుతున్నది ఎవరు? రాత మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టడానికి మిగిలేది ఎవరు?

2. మార్చడానికి వీల్లేని ప్రోగ్రామ్

బయోస్ అనే పేరు గ్యారీ కిల్డాల్ 1970 దశకంలో రూపొందించిన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చింది. యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని ఆయన విడదీసి ఆ పేరు పెట్టాడు. 1981 ఆగస్టులో విడుదలైన ఐబీఎం పీసీలో బయోస్ రామ్‌లో కాక, చదవడానికి మాత్రమే వీలైన రోమ్ చిప్‌లో ఉండేది. దాని పరిమాణం 8 కిలోబైట్లు. అందులో తప్పు దొరికితే చిప్పునే మార్చాలి.

1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమాన్ రూపొందించిన ఈప్రోమ్ చిప్పును చెరిపి మళ్లీ రాయవచ్చు. అయితే దాన్ని బోర్డు నుంచి ఊడదీసి అతినీలలోహిత కాంతి కింద ఉంచాలి. ఈ దశలో నవీకరణ నిపుణుడి పని. వాడకందారుడికి అందులో సౌలభ్యమూ లేదు, పొరపాటు చేసే అవకాశమూ లేదు.

3. ఫ్లాష్ మెమరీ: సౌలభ్యం, ప్రమాదం

తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని ప్రపంచానికి వెల్లడించాడు. 1990 దశకంలో బయోస్ ఈ చిప్పుల్లోకి మారింది. ఇక చిప్పును ఊడదీయనక్కరలేదు. ఫ్లాపీ నుంచి డాస్ నడిపించి కొత్త బయోస్ రాసుకోవచ్చు.

అయితే ఏ ప్రోగ్రామ్ యంత్రాన్ని మొదలుపెడుతుందో, దాన్నే ఆ యంత్రం చెరిపి రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే సగం పాతది, సగం కొత్తది మిగిలి యంత్రం లేవదు. 1998లో తైవాన్‌లో పుట్టిన సీఐహెచ్ వైరస్ ఈ బలహీనతనే వాడుకుంది. 1999 ఏప్రిల్ 26న అది అనేక కంప్యూటర్లలో డిస్కు సమాచారాన్ని నాశనం చేసి, వీలైన చోట బయోస్‌ను కూడా చెడగొట్టింది. రాయడం ఎంత తేలికైతే రక్షణ అంత అవసరమని ఈ ఘటన చాటింది.

రక్షణ మార్గాలు కొన్ని ఉన్నాయి. కొన్ని బయోస్‌లలో చెరపకుండా వదిలే చిన్న బూట్ బ్లాక్ ఉండేది. మిగతాది చెడినా అది ఫ్లాపీ నుంచి బయోస్‌ను తిరిగి రాయగలిగేది. గిగాబైట్ సంస్థ డ్యూయల్ బయోస్ పేరుతో రెండో చిప్పును అమర్చింది.

4. పెన్‌డ్రైవ్, ఫ్యాట్32

యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996లో వచ్చింది. 2000లో పెన్‌డ్రైవ్‌లు బజారులోకి వచ్చి, క్రమంగా ఫ్లాపీ స్థానాన్ని తీసుకున్నాయి. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ ప్రమాణాన్ని 2005 నుంచి ఒక ఉమ్మడి వేదిక నిర్వహిస్తోంది. అది ఫ్యాట్ కుటుంబపు ఫైలు పద్ధతిని తప్పనిసరి చేసింది. విండోస్‌కు చెందిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను ప్రతి ఫర్మ్‌వేర్ చదవాలన్న నిబంధన లేదు. అందుకే విండోస్‌లో చక్కగా తెరుచుకున్న డ్రైవ్ ఫర్మ్‌వేర్ తెరమీద కనిపించకపోవచ్చు. డ్రైవ్ చెడిపోలేదు, చదివేవారు మారారు.

5. ప్రాసెసర్ లేకుండా నవీకరణ

2018లో కొత్త రైజెన్ ప్రాసెసర్లు కొన్నవారికి ఒక చిక్కు ఎదురైంది. పాత ఫర్మ్‌వేర్ ఉన్న బోర్డు కొత్త ప్రాసెసర్‌తో లేవదు. బోర్డు లేవనిదే మామూలు పద్ధతిలో ఫర్మ్‌వేర్ మార్చలేరు. ఏఎండీ సంస్థ నవీకరణ కోసం కొందరికి వేరే ప్రాసెసర్‌ను తాత్కాలికంగా ఇచ్చింది కూడా.

ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డులకు ఈ చిక్కు లేదు. వాటిలో బోర్డు మీది ఒక చిన్న నియంత్రణ చిప్పు ప్రాసెసర్ సహాయం లేకుండానే పెన్‌డ్రైవ్‌ను చదువుతుంది. దానికి తెర లేదు, మౌసు లేదు. ఏ ఫైలు కావాలో మిమ్మల్ని అడగలేదు. కాబట్టి నిర్దేశించిన పోర్టులో, నిర్దేశించిన పేరుతోనే వెతుకుతుంది. ఉదాహరణకు ఎంఎస్‌ఐ బోర్డులు ఎంఎస్‌ఐ.రోమ్ అనే పేరును కోరతాయి.

6. లోపాన్ని వెతికే క్రమం

ఈ చరిత్ర ఆధారంగా కింది క్రమాన్ని పాటించండి.

అ) బోర్డు మోడల్‌ను, దానిమీద ముద్రించిన రివిజన్ సంఖ్యను సరిచూడండి. పేరు ఒకటే అయినా రివిజన్ మారితే ఫైలు మారవచ్చు.

ఆ) డ్రైవ్ కనిపించకపోతే దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే అందులోనివి పోతాయి కాబట్టి ముందు కాపీ తీసుకోండి. 32 జీబీలోపు డ్రైవ్ అయితే ఇబ్బంది తక్కువ.

ఇ) ఫైలు కనిపించకపోతే జిప్ విప్పారా, ఫైలును ఫోల్డర్‌లో కాక బయటే ఉంచారా చూడండి. ఫ్లాష్‌బ్యాక్ అయితే పేరును, పోర్టును కూడా సరిచూడండి.

ఈ) విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే ముందుగా దాన్ని తాత్కాలికంగా నిలిపి, రికవరీ కీని రాసిపెట్టుకోండి. ఫర్మ్‌వేర్ మారితే అది ఆ కీ అడగవచ్చు.

ఉ) కరెంటు కోతల వేళ రాత మొదలుపెట్టవద్దు. యూపీఎస్ ఉంటే మేలు. తెర నిలిచిపోయినట్టున్నా తొందరపడి స్విచ్ ఆపవద్దు.

ఊ) రాత చెడిపోయిందని తేలితే బోర్డును పారేయకండి. ఫ్లాష్‌బ్యాక్, రెండో చిప్పు, రికవరీ పద్ధతి ఉన్నాయేమో బోర్డు పుస్తకంలో చూడండి. ఏవీ లేకపోతే మరమ్మతు చేసేవారు బయటి ప్రోగ్రామర్ పరికరంతో చిప్పులో నేరుగా రాయగలరు. ఈప్రోమ్ కాలపు పద్ధతికి ఇది కొత్త రూపం.

7. సమీక్ష

రోమ్ కాలంలో వాడకందారుడు ఫర్మ్‌వేర్‌ను మార్చలేకపోయాడు, చెడగొట్టనూలేకపోయాడు. ఫ్లాష్ ఆ రెండు అవకాశాలనూ అతని చేతికిచ్చింది. బూట్ బ్లాక్, రెండో చిప్పు, ఫ్లాష్‌బ్యాక్ బటన్ అన్నీ ఆ రెండో అవకాశాన్ని తగ్గించే ప్రయత్నాలే. మీ బోర్డులో వీటిలో ఏది ఉందో నవీకరణకు ముందే తెలుసుకోండి. చెడిపోయాక వెతికితే, చదువుకోవడానికి మీ దగ్గర పనిచేసే కంప్యూటర్ ఉండకపోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఈప్రోమ్‌కు, ఫ్లాష్ మెమరీకి నవీకరణ పద్ధతిలో గల తేడా ఏమిటి?
2. విండోస్‌లో కనిపించిన పెన్‌డ్రైవ్ ఫర్మ్‌వేర్ తెరమీద ఎందుకు కనిపించకపోవచ్చు?
3. ఫ్లాష్‌బ్యాక్ పద్ధతిలో ఫైలు పేరు ఎందుకు ముఖ్యమో వివరించండి.