చేపల పుండు జబ్బు: దొంగ దొరికిన కథ



గొడ్డుకు జబ్బు చేస్తే మేత ముట్టదు, నెమరు వెయ్యదు. చూచిన వెంటనే మీకు తెలిసిపోతుంది. చేప సంగతి అట్లా కాదు. అది నీళ్ళ మాటున ఉంటుంది. నీరసించి పైకి తేలి మన కంటబడేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. అప్పుడు కంగారుపడి, ఎవరు ఏ మందు చెబితే ఆ మందు తెచ్చి చెరువులో పోస్తాము. జబ్బు ఏదో తెలియకుండా మందు పొయ్యడమంటే చీకట్లో రాయి విసరడమే.

ఈ మాట ఎంత నిజమో తెలియాలంటే పుండు జబ్బు చరిత్ర వినాలి. దీనినే ఎర్రమచ్చల జబ్బు అని కూడా అంటారు. మొదట చేప ఒంటిమీద ఎర్రటి చుక్క కనబడుతుంది. అది పొక్కు అవుతుంది, పొక్కు పుండు అవుతుంది, పుండు కండలోకి దిగుతుంది. కొర్రమీనుకు వస్తే తలమీద కండ ఊడిపోయి ఎముక బయటపడినా, పాపం, కొంతకాలం ప్రాణంతోనే తిరుగుతుంది.

ఈ జబ్బును మొదట గుర్తించినది జపానులో. 1971లో అక్కడ పెంపకం చెరువుల్లో ఉన్న అయు అనే ఏటి చేపలకు పుండ్లు వచ్చాయి. ఎగుసా, మసూదా అనే శాస్త్రజ్ఞులు పుండును పైపైన చూచి ఊరుకోలేదు. దాని అడుగున ఉన్న కండను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. కండ నిండా సన్నని పోగులుగా బూజు అల్లుకొని కనిపించింది. అది అఫానోమైసిస్ అనే నీటి బూజు తెగకు చెందినదని తెలిసింది. అంటే దొంగ మొదటి ఏటనే దొరికాడన్న మాట!

కాని ఆ సంగతి మిగతా దేశాలకు పనికిరాలేదు. ఎందుకంటారా? 1972లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, బండబర్గ్ దగ్గర, నది సముద్రంలో కలిసే చోట ముల్లెట్ చేపలకు ఇటువంటి పుండ్లే వచ్చాయి. అక్కడివారు దానికి ఎర్రమచ్చల జబ్బు అని పేరు పెట్టుకున్నారు. తరువాత పాపువా న్యూగినీ, ఇండొనేషియా, మలేషియా, థాయిలాండ్ దేశాల్లో ఒకదాని వెనుక ఒకటిగా కనబడింది. చేప వేరు, నీరు వేరు, పేరు వేరు. అందువల్ల ఇవన్నీ ఒకే జబ్బు అన్న ఊహ చాలామందికి తట్టలేదు. 1986లో బ్యాంకాక్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులను సమావేశపరచినప్పుడు దీనికి ఒక ఉమ్మడి పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే ‘మూకుమ్మడిగా వచ్చే పుండ్ల లక్షణాలు’. జాగ్రత్తగా చూడండి, అది లక్షణాలకు పెట్టిన పేరే గాని కారణానికి పెట్టిన పేరు కాదు. కారణం అప్పటికి తేలలేదు.

అంతలో మన వంతు వచ్చింది. 1988 తొలి నెలల్లో బంగ్లాదేశ్‌లోను, ఆ వేసవిలోనే మన దేశంలో అస్సాం, మేఘాలయ, త్రిపుర ప్రాంతాల్లోను పుండు చేపలు కనిపించాయి. అక్కడ నుండి వరద వెంట, కాలువల వెంట, పిల్ల చేపల రవాణా వెంట పాకుతూ పోయి 1991లో కేరళ కుట్టనాడు నీళ్ళను చేరింది. 1990ల ఆరంభం నాటికి మన తెలుగు నేలకూ వచ్చింది. చేప చావడం ఒక నష్టమైతే, జనం చేప తినడానికి జంకడం రెండవ నష్టం. పుండు చేపను చూచినవారు మంచి చేపను కూడా కొనలేదు. ధర పడిపోయి, రోజూ వల వేసుకొని బ్రతికే బెస్త కుటుంబాలు పస్తులున్నాయి. నిజానికి ఈ బూజు మనిషికి సోకేది కాదు. ఆ సంగతి చెప్పేవారు లేక భయం జబ్బు కంటే వేగంగా ప్రాకింది.

మరి శాస్త్రజ్ఞులు ఏం చేస్తున్నారని మీరు అడగవచ్చు. వారు వెదకుతూనే ఉన్నారు, కాని తప్పు చోట. పుండును గీకి చూస్తే ఏరోమోనాస్ అనే బాక్టీరియా కుప్పలుగా కనబడేది. ‘ఇదే కారణం’ అన్నారు కొందరు. థాయిలాండ్ చేపల్లో ఒక వైరస్ దొరికింది. ‘కాదు, ఇదే’ అన్నారు మరికొందరు. కాని ఆ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న చెరువుల్లో కూడా ఎప్పుడూ ఉండేదే. ఆ వైరస్ పుండు పడిన ప్రతి చేపలోను దొరకలేదు. ఇల్లు తగలబడుతున్న చోట నలుగురు మూగుతారు. మూగిన వారందరూ నిప్పు పెట్టినవారు అవుతారా?

అసలు దొంగ కండ లోపల దాగి ఉన్నాడు. పైగా ఈ బూజు మెల్లగా పెరిగే రకం. ప్రయోగశాలలో పెంచుదామంటే పుండు మీది ఇతర బూజులు, బాక్టీరియా ముందుగా పెరిగి దీనిని కప్పివేస్తాయి. 1990ల ఆరంభంలో ఆస్ట్రేలియాలోను, థాయిలాండ్‌లోను దీనిని శుభ్రంగా వేరుచెయ్యగలిగారు. థాయిలాండ్‌లో ఆరోగ్యమైన కొర్రమీనుల చర్మం క్రింద ఈ బూజును ఉంచి చూశారు. అచ్చంగా ఆ పుండే లేచింది. సాక్ష్యం దొరికింది. 1995లో దానికి శాస్త్రనామం పెట్టారు. నేడు అఫానోమైసిస్ ఇన్వాడన్స్ అంటున్నారు. జపాను జబ్బు, ఆస్ట్రేలియా జబ్బు, మన జబ్బు మూడూ ఒకటేనని ఆ దశకంలోనే రుజువయింది. 1971లో కనిపించిన దానిని అందరూ ఒప్పుకోవడానికి ఇరవై ఏండ్లు దాటింది.

ఈ తికమక మనకే పరిమితం కాదు. 1997లో అమెరికాలో చీసాపీక్ అఖాతం ప్రాంతపు చేపలకు పుండ్లు పడితే ఫిస్టీరియా అనే సూక్ష్మజీవి మీద నేరం మోపి దేశమంతా బెదిరిపోయింది. తరువాత కండను కోసి చూస్తే ఆ పుండ్లలో ఉన్నది ఈ బూజే. అద్దాల తొట్లలో పెంచే రంగు చేపలను కూడా ఇది వదలలేదు. సింగపూరు నుండి జపానుకు పంపిన చిన్న గౌరామీ చేపల్లో దీనిని 1990లలో గుర్తించారు. 2006–07లో ఆఫ్రికా ఖండపు జాంబెజీ నదిలోను బయటపడింది.

ఇక మన చెరువు సంగతికి వద్దాము. ఈ బూజు బీజాలు తోకలతో నీటిలో ఈదుతాయి. చేప చర్మం గాయపడినప్పుడు అక్కడ అంటుకొని లోపలికి చొచ్చుకుపోతాయి. పెద్ద వానల తరువాత పుల్ల నేలల మీదుగా వచ్చిన ఆమ్లపు నీరు చర్మాన్ని దెబ్బతీస్తుందని ఆస్ట్రేలియావారు చూపించారు. చలికాలంలో నీరు చల్లబడితే చేపకు తట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుకే వానలు వెనుకబట్టి చలి మొదలయినప్పటి నుండి, అంటే కార్తీకం నుండి మాఘం దాకా, మనం కళ్ళు తెరచుకొని ఉండాలి. కొర్రమీను, మట్టగిడస, పరిగెల వంటి చేపలకు ముందుగా వస్తుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలకూ వస్తుంది. బంగారుతీగ, తిలాపియా చేపలు దీనికి బాగా తట్టుకుంటాయి. కాబట్టి చెరువు మూలన ఉన్న పరిగెల మీద ఎర్రచుక్కలు కనిపిస్తే అదే మీకు ముందస్తు హెచ్చరిక.

అనుమానం కలిగితే మొదట చెయ్యవలసింది మందు కొనడం కాదు. చిన్న పుండు ఉన్న చేపలను ప్రాణంతో గాని, మంచుముక్కల్లో పెట్టి గాని పరీక్షకు పంపండి. గడ్డకట్టించకండి, కుళ్ళిన చేపను పంపకండి. గ్రామసేవకులు, మత్స్యశాఖవారు గమనించవలసిన మాట: పుండు గీకిన ద్రవం చాలదు, పుండు అంచున లోతైన కండ ముక్క కావాలి. గాజు పలకల నడుమ నలిపి చూస్తే బూజు పోగులు కనిపిస్తాయి.

నీటికి సున్నం మంచిది, పులుపును తగ్గిస్తుంది. మోతాదు నీటి పరీక్షను బట్టి నిర్ణయించుకోండి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పెంపక సంస్థవారు సైఫాక్స్ అనే మందు తయారుచేశారు. ఒక హెక్టారు విస్తీర్ణం, ఒక మీటరు లోతు నీటికి ఒక లీటరు చొప్పున నీళ్ళలో కలిపి చెరువంతా చల్లాలి. నీరు ఒకటిన్నర మీటర్లుంటే ఒకటిన్నర లీటర్లు. జబ్బు ఆరంభంలోనే దీనివల్ల మేలు. ఏటికి, పెద్ద జలాశయానికి మందు లేదు. ఆంటీబయాటిక్కులు బూజును చంపవు, డబ్బు దండుగ. మాలకైట్ గ్రీన్ అనే పచ్చరంగు మందు తినే చేపలకు వాడడం నిషేధం.

మందు కంటే ముందుచూపు చవక. పంట తీయగానే చెరువు ఎండగట్టండి, సున్నం వెయ్యండి. నీరు వచ్చే తూముకు సన్నని జాలీ కట్టి అడవి చేపలను ఆపండి. పొరుగు చెరువులో తిప్పిన వలను బాగా ఎండబెట్టిన తరువాతనే మీ చెరువులో దింపండి. చచ్చిన చేపను కాలువలో పారవెయ్యకండి. గొయ్యి తీసి సున్నంతో పూడ్చండి. ఆ కాలువ క్రింద మరొకరి చెరువున్నది.

జపానులో దొరికిన జవాబు మన గట్టుకు చేరడానికి ఇరవై ఏండ్లు పట్టింది. మీ చెరువులో కనిపించిన ఎర్రచుక్క పరీక్షకు చేరడానికి ఇరవై గంటలు కూడా పట్టనివ్వకండి.