జీరో టికెట్ బోణీ

తెల్లారడానికి ఇంకా గంట పైనే ఉంది. పాలకుర్తి నుంచి లోపలికి పోతే వచ్చే ఓ చిన్న ఊరు. గ్రామ పంచాయతీ ముందు, వేపచెట్టు కింద పల్లె వెలుగు బస్సు నిలబడి ఉంది. రాత్రి ఆఖరి ట్రిప్పుగా వచ్చి ఇక్కడే హాల్టు చేసింది. పొద్దున జనగామకు పోయే మొదటి బస్సు కూడా ఇదే. మీరు సంచీ భుజానికి తగిలించుకుని దాని పక్కన నిలబడ్డారు. దసరా వెళ్లిపోయింది గానీ, ఆయుధపూజ నాడు ముందు అద్దం కింద కట్టిన బంతిపూల దండను ఎవరూ తీయలేదు. పూలు ఎండి నల్లబడ్డాయి. దారంలో చిక్కుకున్న జమ్మి రెమ్మ అలాగే వేలాడుతోంది.

టార్చిలైటు వెలుగొకటి బస్సు చుట్టూ తిరుగుతోంది. వెనకే డ్రైవరు, చేతిలో ఇనుప రాడ్డు. ముందు చక్రం మీద ఒక దెబ్బ వేశాడు. గట్టిగా, బిగువుగా మోగింది. వెనక్కి వెళ్లి జంట టైర్లలో బయటిదాన్ని కొట్టాడు. తర్వాత వంగి, రాడ్డు లోపలికి పోనిచ్చి లోపలిదాన్ని కొట్టి, తల ఓ పక్కకు వంచి విన్నాడు. లోపలి టైరుకు గాలి తగ్గినా కంటికి తెలియదు, బరువంతా బయటిది మోస్తూ ఉంటుంది. చెవికి మాత్రం తెలుస్తుంది. మళ్లీ ఒకసారి కొట్టాడు. చప్పుడు నచ్చినట్టుంది, లేచాడు.

ఎదురింటి అవ్వ రెండు స్టీలు గ్లాసులతో వచ్చింది. “ఇగో, చాయ్ తాగుండ్రి బిడ్డా. సల్లారిపోతది.” బోరు దగ్గర మొహం కడుక్కుని, తల దువ్వుకుంటూ వచ్చిన కండక్టరు ఒక గ్లాసు అందుకున్నాడు. మిమ్మల్ని చూసి, “సారుకు గూడ పొయ్యరాదే అవ్వా” అన్నాడు. మూడో గ్లాసూ వచ్చింది. బెల్లం చాయ్. అల్లం కాస్త ఎక్కువే పడింది.

డ్రైవరు సీటెక్కాడు. బట్టతో అద్దం తుడిచాడు. కుడి చేతిని స్టీరింగు మీద ఆనించి కళ్లకద్దుకున్నాడు. క్షణంలో అయిపోయే పని, చూపు మరల్చి ఉంటే మీకు తెలిసేది కూడా కాదు. తాళం తిప్పగానే బస్సంతా ఒళ్లు విదిలించుకుని లేచింది. కానీ కదల్లేదు. బ్రేకులకు గాలి ఎక్కాలి. డ్యాష్‌బోర్డు మీద ముల్లు మెల్లగా పైకి పాకుతోంది. అందాకా ఎంత తొందర ఉన్నా కూర్చోవలసిందే.

కండక్టరు టికెట్లిచ్చే టిమ్ము మిషను ఆన్ చేసి, కాగితం చుట్ట సరిగా పడిందో లేదో చూసుకున్నాడు. మొదటి ప్రయాణికురాలు ఎక్కింది. నలభై దాటిన మనిషి. జనగామ సర్కారు దవాఖానలో ఆయా.

“ఏడికక్కా?”

“ఎరుకలేనట్టు అడుగుతవేంది తమ్మీ? దవాఖానకే.”

“అడగాలె గదక్కా. కార్డు?”

అంచులు విచ్చిపోయిన ఆధార్ కార్డు చూపించింది. మిషను కిర్రుమంటూ చీటీ బయటికి నెట్టింది. మహిళల టికెట్, చెల్లించాల్సింది సున్నా. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. ఆ తర్వాత కొద్ది రోజుల నుంచి ఈ బస్సులో వాళ్లకు ఇస్తున్నది ఈ టికెట్టే. కండక్టరు దాన్ని చింపి, ఒకసారి మిషనుకు తాకించి, కళ్లకద్దుకుని, అప్పుడు ఆమె చేతికిచ్చాడు.

మీరు ఊరుకోలేకపోయారు. “పైసా రాని టికెట్‌కు బోణీ ఏందన్నా?”

“పైసలు కార్పొరేషన్‌యి సార్. బోణీ నాది” అన్నాడు, బ్యాగు సర్దుకుంటూ. “పొద్దుగాల్నే ఒక మనిషి వచ్చి నా బండి ఎక్కింది గద. ఇంకేం గావాలె?”

“రైట్ రైట్!”

ముల్లు పైకెక్కింది. బ్రేకు వదిలిన గాలి బుస్సుమంది. బస్సు కదిలింది.

పక్క ఊరి స్టేజీలో సీతాఫలం గంపలు ఎక్కాయి. గుట్టల్లో ఏరిన కాయలు, కొన్నిటికి కన్ను విచ్చుకుంటోంది. ఒక్కసారిగా బస్సంతా ఆ తీపి వాసన. గంపల వెనక ముగ్గురు ఆడవాళ్లు. మనుషులకు జీరో టికెట్లు, గంపలకు మాత్రం లగేజి కొట్టాడు కండక్టరు. పంచాయితీ మొదలైంది.

“మనిషికి ఫిరీ అయితే గంపకెందుకు పైసలు?”

“గంపకు ఆధార్ కార్డు ఉంటే చూపియ్ పెద్దమ్మా, ఇస్త.”

బస్సు మొత్తం నవ్వింది. పెద్దమ్మ కొంగు ముడి విప్పి పైసలు తీసింది, గొణుగుతూనే. డిగ్రీ కాలేజీ అమ్మాయి ఒకతి మెట్టు మీదే పుస్తకం జారవిడిచింది. కాలు తగలగానే వంగి తీసి, కళ్లకద్దుకుని, ఏమీ జరగనట్టు కిటికీ పక్క సీట్లోకి జారుకుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో సెల్లు. అయినా పుస్తకానికి ఇవ్వాల్సింది ఇచ్చే కూర్చుంది.

బయట వెలుతురు వస్తోంది. రోడ్డుకు అటూ ఇటూ విచ్చిన పత్తి చేలు, వాటి మధ్య కంకి బరువెక్కిన వరి మడులు. బస్సు దేవరుప్పుల వైపు పోతోంది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు ఈ పల్లెల్లో జనం దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టుకుని నడిచేవాళ్లు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించుకున్న ధాన్యం మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నేస్తే, రైతుల పక్షాన నిలిచిన సంఘం అండతో ఎదురు నిలిచి ఆ గింజల్ని ఇంటికి చేర్చుకుంది. ఇక్కడికి దగ్గర్లోని కడివెండిలో 1946 జులై 4న దొర మనుషుల తూటాకు అదే సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు.

‘నీ బాంచెన్, కాల్మొక్త’ అంటూ వంగక తప్పని కాలం చూసినవాళ్ల మనవలు, మనవరాళ్లు ఈ సీట్లలో ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి, ఉన్నదానితో తృప్తి పడండి, అన్నిటికీ కృతజ్ఞతతో ఉండండి అని చెప్పి చూడండి, నవ్వి ఊరుకుంటారు. ఆ పాఠం ఒకప్పుడు గడీ కూడా చెప్పింది. పొద్దున మీరు చూసిన మొక్కు వేరు. వంగకపోతే కొట్టేవాడెవడూ స్టీరింగు వెనక లేడు. టికెట్టు కళ్లకద్దుకోకపోతే కండక్టరు జీతం కోసేవాడూ లేడు. భయపడి మొక్కే చెయ్యి ఎదుటివాడిని పెద్ద చేస్తుంది. తన పనిముట్టుకు మొక్కే చెయ్యి, ఈ పని నాదే, దీన్ని నేను చేయగలను అని తనకు తాను చెప్పుకుంటుంది. పగలంతా ఎవడేమన్నా నిలబడే బలం ఆ క్షణంలోనే సమకూరుతుంది కాబోలు.

డ్రైవరును అడుగుదామంటే, నడుపుతుండగా మాట్లాడించకూడదు. కండక్టరే వచ్చి మీ పక్కన కూలబడ్డాడు. స్టేజీ స్టేజీకి దూరమున్నచోట అతనికి దొరికే విశ్రాంతి ఇంతే.

“రోజూ ఇట్లనే మొక్కుతరా?”

“మొదట్ల లేకుండె సార్. 2019ల సమ్మె జేసినం గద, దసరా ముంగట షురువైంది. యాభై రోజులు దాటింది. జీతం లేదు, పండుగ లేదు. డిపో గేటు బయట నిలబడి నినాదాలిచ్చేది. ఆయుధపూజ దినం బండ్లు లోపల, మేం బయట.” కాసేపు ఆగాడు. “సమ్మె తప్పని అంటలేను. మల్ల అసొంటిదొస్తే మల్ల నిలబడుత. గని డ్యూటీల చేరిన దినం బ్యాగు భుజాన పడంగనే చెయ్యి దానంతటదే పోయింది కండ్లకు. గప్పటిసంది అలవాటైంది.”

ఎవరో ఆపమని కేకేశారు. అతను లేచి వెళ్లాడు.

జనగామ దగ్గరపడేకొద్దీ బస్సు నిండింది. పాస్‌బుక్కు మడిచి జేబులో పెట్టుకున్న రైతు, తాపీ పనికి పోయే ఇద్దరు కుర్రాళ్లు, ఒళ్లో పసిపిల్లతో పుట్టింటికి పోతున్న తల్లి. ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కలో. చిల్లర కోసం చిన్న గొడవలు. నిలబడ్డ ముసలాయనకు తాపీ కుర్రాడు సీటిచ్చాడు. ఆయన కూర్చోగానే కుర్రాడి టిఫిన్ డబ్బా తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా లేదు.

బస్టాండులోకి మలుపు తిరగ్గానే అందరూ ఒకేసారి లేచారు. ఆయా దిగుతూ, “పొద్దుగూకి మల్ల నీ బండికే వస్త తమ్మీ, పైలం” అంది. గంపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. లగేజి దగ్గర పంచాయితీ పెట్టిన పెద్దమ్మే ఇంజను బానెట్ మీద రెండు పండిన సీతాఫలాలు పెట్టి, “తినుండ్రి, ఇయ్యాల్టికే పండినయ్” అని వెనక్కి చూడకుండా దిగిపోయింది. కండక్టరు ఒకటి విరిచి సగం మీకిచ్చాడు. గింజలు ఉమ్మడానికి చోటు వెతుక్కుంటూ మీరూ దిగారు.

డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. మోకాలి మీద లాగ్‌షీటు పెట్టుకుని ఏదో రాస్తున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తే రెండు వరుసలున్నాయి. సెకండ్ గేరు గట్టిగా పడుతోంది. ఎడమ వైపరు తిరగట్లేదు.

“ఏందన్నా, పొద్దున బండికి మొక్కితిరి, ఇప్పుడు దాని మీదనే కంప్లైంట్ రాస్తున్నరు?”

పెన్ను మూత పెడుతూ ఆయన మీ వైపు చూశాడు.

“మొక్కితే వైపరు తిరుగుతదా సార్? రాస్తెనే మెకానిక్ చూస్తడు. రేపు నాది ఆఫ్, ఇంకో డ్రైవరొస్తడు ఈ బండికి. వాన గిట్ల కొడితే ఆయనకు రోడ్డు కనవడాలె గద?”