మైకుకు ఆవల రేడియో కొలువులు – వాటికి తగిన చదువులు

రేడియో ఉద్యోగం మంచి కంఠమున్నవారికే దక్కుతుందని పల్లెలలో అనేకుల అభిప్రాయం. శ్రోతకు వినిపించేది ఒక్క గొంతే అయినా దాని వెనుక పనిచేసేవారు పలువురు. వక్తను ఎంపిక చేసి కార్యక్రమానికి రూపమిచ్చే ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్, క్యూ షీటు ప్రకారం ప్రసారాన్ని నడిపించే ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్, వార్తల అనువాదకులు, రికార్డింగును కత్తిరించి కూర్చేవారు, ట్రాన్స్‌మిటరును కనిపెట్టి ఉండే ఇంజినీరింగ్ సిబ్బంది – వీరి గొంతు ఎవరికీ తెలియదు.

1935లో మైసూరులో ‘ఆకాశవాణి’ని నెలకొల్పిన ఎం.వి. గోపాలస్వామి మనస్తత్వశాస్త్ర ఆచార్యులు. ఈ రంగానికి దారి ఒక్కటే కాదనడానికి వేరే నిదర్శనమేల?

యంత్రాలపై ఆసక్తి గలవారు ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా లేదా ఇంజినీరింగ్ చదవవచ్చు. శబ్దగ్రహణం నేర్వదలచిన వారికి బెంగళూరు సమీపాన హెసరఘట్టలో ప్రభుత్వ చలనచిత్ర, టెలివిజన్ సంస్థ ఉన్నది. రచన, అనువాదం వైపు మొగ్గేవారికి డిగ్రీ తరువాత పత్రికారచన కోర్సు. 2004లో ఏర్పడిన తుమకూరు విశ్వవిద్యాలయంలో ఆ శాఖ ఉన్నది. ప్రవేశార్హతలను ఆ యేటి ప్రకటనలోనే చూసుకోవాలి.

పావగడ తాలూకా పిల్లలకు ఇంట తెలుగు, బడిలో కన్నడం. ఒకవైపు అనంతపురం ఆకాశవాణి, మరొకవైపు బెంగళూరు కేంద్రం. రెండు భాషలూ వచ్చినవారికి ఇది కలిసివచ్చే విషయమే; అయితే మాట్లాడడం వేరు, వ్రాయడం వేరు. తెలుగు ధారాళంగా పలికి, ఒక్క పంక్తి కూడా చదవలేని పిల్లలు మన గ్రామాలలో తక్కువేమీ కాదు. అట్టివారు అనువాదకులు కాలేరు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లవంటివి గనుక, కన్నడం చదివిన విద్యార్థికి తెలుగు అక్షరాలు పట్టుబడడం కష్టం కాదు. రోజూ తెలుగు పత్రికలోని ఒక చిన్న వార్తను కన్నడంలోనికి, మరునాడు కన్నడ వార్తను తెలుగులోనికి మార్చి వ్రాయడం ఖర్చులేని శిక్షణ.

కొలువులు మాత్రం పరిమితం. 2013లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా ఆకాశవాణి, దూరదర్శన్‌లకు జరిగినటువంటి పెద్ద నియామకాలు తరచుగా రావు. పనిదినాల లెక్కన వేతనమిచ్చే తాత్కాలిక అవకాశాలే ఎక్కువ. కనుక రేడియో కాకున్నా అన్నం పెట్టే చదువునే ఎంచుకోవడం మేలు: ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పరిశ్రమలకు, శబ్దగ్రహణం సినిమాకు, అనువాదం పత్రికలకు పనికివస్తాయి. ఉద్యోగం ఖాయమని చెప్పి వేలకు వేలు కట్టించుకొనే శిక్షణాలయాలను నమ్మరాదు.

2006లో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకూ సముదాయ రేడియో అనుమతులిచ్చింది. ఇటువంటి కేంద్రం సుమారు పది కిలోమీటర్ల మేర వినిపిస్తుంది. కనీసం సగం కార్యక్రమాలను స్థానికంగానే తయారుచేయాలి. తెలంగాణలో జహీరాబాద్ సమీపాన మాచనూరులో 2008లో మొదలైన సంగం రేడియోను గ్రామీణ దళిత మహిళలే నడిపారు. రికార్డింగు, ఎడిటింగు వారే నేర్చుకొన్నారు. తుమకూరులోనూ ‘రేడియో సిద్ధార్థ’ పేరుతో సముదాయ రేడియో వెలసింది. సెలవులలో ఇటువంటి కేంద్రానికి వెళ్లి పని చూడడానికి అనుమతి కోరవచ్చు. అంతకు ముందే అవ్వ చెప్పే కథను సెల్‌ఫోనులో రికార్డు చేసి, ‘ఆడాసిటీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఐదు నిమిషాలకు కుదించి చూస్తే, ఈ పని తమకు సరిపడునో లేదో విద్యార్థికే తెలుస్తుంది.