మచ్చ చెప్పని మాట

మన డోన్‌లో రైలెక్కి మిలిటరీకి పోయే ప్రతి పిల్లవాడి ఒంటి మీది గుర్తులూ చేరేనాడే కాగితం మీద రాసుకుంటారు. నుదుటి మీద మచ్చ, మోచేతి మీద పుట్టుమచ్చ. డాక్టరు పరీక్షలో జబ్బేదైనా కనబడితే అదీ రాస్తారు. ఏళ్ల తర్వాత వైకల్య పింఛను దగ్గర ఆనాటి కాగితమే పెద్ద సాక్షి.

ఆ పింఛనుకు షరతులు రెండు. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. అది సర్వీసు వల్ల వచ్చిందో, సర్వీసులో ముదిరిందో అయి ఉండాలి. కాదని మెడికల్ బోర్డు రాస్తే అప్పీలే దిక్కు. పైఅధికారులూ కాదంటే, ఒకప్పుడు హైకోర్టు మెట్లెక్కాల్సిందే. 2009లో సైనిక ట్రిబ్యునళ్లు మొదలయ్యాక మనవాళ్లు చెన్నై బెంచి కిందికి వచ్చారు.

1985లో చేరిన ధరంవీర్ సింగ్‌ను మూర్ఛ వచ్చిందని 1994లో ఇంటికి పంపేశారు. అది శరీరతత్వంలోనే ఉందని పింఛను ఇవ్వలేదు. 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఆయన వైపు తీర్పు చెప్పింది. చేరేనాడు జబ్బు రాయలేదంటే ఆరోగ్యంగా చేరినట్టే, కాదని నిరూపించాల్సింది సైనికుడు కాదు, ప్రభుత్వమే అంది.

మచ్చ కంటికి కనబడుతుంది కానీ, ఏ డ్యూటీలో పడిందో చెప్పదు. గాయం రిపోర్టు, ఆసుపత్రి చీటీలు, డిశ్చార్జి పుస్తకం చెబుతాయి. ఇళ్లల్లో కాగితాలు దాచేది ఎక్కువగా మనమే కదా! పట్టుచీరల మడతల్లో పెట్టినా సరే, ఒక్కటీ పారేయకండి.